ఎర్ర తివాచీ.. మన బీరువా

*మెట్ గాలా, ఆస్కార్, కాన్స్.. తారల దుస్తుల ముచ్చట ఇప్పుడు ప్రతి హాస్టల్ గదిలోనూ వినిపిస్తోంది. ఆ మెరుపుల్లోంచి ఒక విద్యార్థిని ఏం చూడాలి? ఏం వదిలెయ్యాలి?*

2025 మే 6, మంగళవారం. తెల్లవారుజామున మూడున్నర దాటింది. హైదరాబాద్‌లో మా హాస్టల్ మూడో అంతస్తు గదిలో ఫ్యాను గరగరమంటోంది. నేల మీద పరిచిన నోట్సుల మధ్య ఒకే ఫోన్ చుట్టూ ఐదు తలలు. న్యూయార్క్‌లో ఇంకా సోమవారం సాయంత్రమే. మెట్రోపాలిటన్ మ్యూజియం మెట్ల దగ్గర మెట్ గాలా మొదలైంది. షారుక్ ఖాన్ తొలిసారి ఆ వేడుకకు వచ్చాడు. నేలను తాకే నల్లకోటు, మెడలో ‘కె’ అక్షరం ఉన్న హారం, చేతిలో పులితల పిడి ఉన్న కర్ర.

“భుజం దగ్గర ఆపవే ఒకసారి” అంది సివిల్ ఇంజినీరింగ్ చదివే అమ్మాయి. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, చెయ్యి భుజానికి అతికిన చోటును పట్టిపట్టి చూసింది. “ఒక్క ముడత లేదు చూడు. లోపల కాన్వాస్ సరిగ్గా పడితేనే అట్లా నిలబడుతుంది. మా నాన్న చెప్తుంటాడు.” వాళ్ల నాన్నకు ఖమ్మంలో టైలర్ షాపు ఉంది.

అంతలో వార్డెన్ ఆంటీ తలుపు తట్టింది. “పరీక్షలు పెట్టుకుని ఇదేం పిచ్చమ్మా మీకు?”

ఆ మాట మాకు కొత్త కాదు. క్రికెట్ కోసం తెల్లవార్లూ మేలుకున్న కుర్రాడిని చూసి “వాడికి ఆటంటే ప్రాణం” అంటారు. గౌను చూసిన అమ్మాయికి మాత్రం పిచ్చి అంటగడతారు. ఒక కుట్టును చూసి దాని లోపలి పనిని చెప్పగలిగిన అమ్మాయికి ఉన్నది పిచ్చి కాదు, చదువే. డిగ్రీ చివరి ఏడాది విద్యార్థినిగా, ఈ ముచ్చట్లలో మునిగి తేలే దానిగా నేను గట్టిగా నమ్మే మాట ఇది. అయితే అదే తివాచీ మమ్మల్ని ఇబ్బంది పెట్టే దారులూ ఉన్నాయి. రెండూ చెప్పుకోవాలి.

దేవతల దారి నుంచి థియేటర్ గుమ్మం దాకా

ఎర్రటి వస్త్రం మీద నడవడం సినిమావాళ్లతో మొదలు కాలేదు. క్రీస్తుపూర్వం 458లో గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రాసిన ‘అగమెమ్నాన్’లోనే అది ఉంది. ట్రాయ్ యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన రాజు కోసం భార్య ఎర్రని వస్త్రాలు పరిపిస్తుంది. వాటి మీద నడిచే అర్హత దేవతలదే కదా అని రాజు మొదట వెనకాడతాడు.

హాలీవుడ్‌కు అది 1922లో వచ్చింది. ఈజిప్షియన్ థియేటర్‌లో ‘రాబిన్ హుడ్’ సినిమా తొలి ప్రదర్శనకు థియేటర్ యజమాని సిడ్ గ్రామన్ ఎర్ర తివాచీ పరిపించాడు. ఆస్కార్ వేడుకలో 1961 నుంచి అది ఆనవాయితీ అయింది. టీవీ ప్రసారాలు ఇంటింటికీ చేరాక, బహుమతి ఎవరికొచ్చిందన్న దానితో సమానంగా ఎవరేం వేసుకున్నారన్నదీ వార్తయింది.

మెట్ గాలా కథ వేరు. 1948లో ఎలినార్ లాంబర్ట్ అనే ఆమె మ్యూజియంలోని దుస్తుల విభాగానికి విరాళాలు పోగు చేయడానికి ఒక విందు ఏర్పాటు చేసింది. అప్పట్లో టికెట్ 50 డాలర్లు. 2025లో ఒక్కో టికెట్ 75 వేల డాలర్లు. ఆ ఒక్క రాత్రి మ్యూజియానికి వచ్చిన మొత్తం 3.1 కోట్ల డాలర్లు.

అంత ఆర్భాటంలోనూ నన్ను ఆకట్టుకున్నది కాళ్ల కింద ఉంది. 2023 మెట్ గాలాలో తారలు నడిచిన తివాచీ కేరళలో, అలప్పుళ జిల్లా చేర్తల ప్రాంతంలో నేసింది. కలబందలా కనిపించే మొక్క నుంచి తీసే సిసల్ నారతో అక్కడి కార్మికులు దాన్ని నేసి పంపితే, న్యూయార్క్‌లో రంగులు అద్దారు. టీవీ కెమెరాలు పైనున్న గౌన్ల మీదే ఉన్నాయి. అలప్పుళ పనితనం మాత్రం ప్రతి ఫొటోలోనూ ఉంది.

> ఒక గౌను.. గూగుల్‌లో కొత్త గది
> 2000 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల వేడుకకు జెన్నిఫర్ లోపెజ్ వెర్సాచె ఆకుపచ్చ గౌనుతో వచ్చింది. ఆ గౌను కోసం జనం గూగుల్‌లో విరగబడి వెతికారు. వాళ్లకు కావలసింది ఫొటో. అప్పటి గూగుల్ ఇవ్వగలిగింది అక్షరాలే. 2001 జులైలో గూగుల్ ఇమేజెస్ మొదలవడానికి ఆ గౌనే ప్రేరణ అని సంస్థ అధినేతగా పనిచేసిన ఎరిక్ ష్మిట్ తర్వాత రాశాడు.

ఆ గౌను ఆమెది కాదు

కాలేజీలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తివాచీ మీద మెరిసే దుస్తుల్లో ఎక్కువ భాగం వేసుకున్నవాళ్లవి కావు. డిజైనర్ సంస్థ ఇస్తుంది, వేడుక అయ్యాక తిరిగి తీసుకుంటుంది. నగలైతే కాపలా మనుషులతో వచ్చి, వాళ్లతోనే వెళ్లిపోతాయి. తారకూ సంస్థకూ మధ్య స్టైలిస్ట్ ఉంటారు. ఏ సంస్థ నుంచి ఏం తేవాలి, ఎన్నిసార్లు కొలతలు చూడాలి, ఏ చెప్పులు, ఏ జడ అన్నదంతా వాళ్ల పని. బ్రాండ్ ప్రచారకర్తలుగా ఒప్పందం ఉన్న తారలైతే ఆ సంస్థ బట్టలే వేసుకోవాలి.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపినవారిలో ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీ ముందుంటాడు. తారలకు దుస్తులిస్తే పత్రికల్లో వచ్చే ఫొటోలే ప్రకటనలవుతాయని ఆయన 1980ల చివర్లోనే గ్రహించాడు. 1990 నాటికి ఆస్కార్ వేదిక దగ్గర ఆయన దుస్తులదే హవా. 1990ల మధ్యలో వ్యాఖ్యాత జోన్ రివర్స్ టీవీ మైకు పట్టుకుని, “ఎవరి డ్రెస్ వేసుకున్నారు?” అని అడగడం మొదలుపెట్టింది. అప్పటినుంచి డిజైనర్ పేరు చెప్పడం తప్పనిసరి తంతు అయింది. నటననూ కష్టాన్నీ వదిలేసి ఆడవాళ్లను బట్టల గురించే అడుగుతారేమని 2014, 2015ల్లో ‘ఆస్క్ హర్ మోర్’ ఉద్యమం నడిచింది. రీస్ విదర్‌స్పూన్ లాంటి నటీమణులు దాన్ని భుజాన వేసుకున్నారు.

ఈ అరువుకు ఇంకో వైపు ఉంది. డిజైనర్లు ముందుగా కుట్టే నమూనా దుస్తులు మోడళ్ల కొలతలకే ఉంటాయి. ఆ కొలతకు సరిపోని మనిషికి తివాచీ తలుపులు అంత తేలిగ్గా తెరుచుకోవు. 2016లో ‘ఘోస్ట్‌బస్టర్స్’ తొలి ప్రదర్శనకు తనకు డ్రెస్ ఇవ్వడానికి డిజైనర్లెవరూ ముందుకు రావట్లేదని ఆ సినిమా నటి లెస్లీ జోన్స్ బహిరంగంగానే చెప్పింది. క్రిస్టియన్ సిరియానో అనే డిజైనర్ వెంటనే చెయ్యందించి, ఆమెకోసం ఎర్ర గౌను కుట్టించాడు. హాలీవుడ్ నటికే ఆ మాట అనాల్సి వచ్చిందంటే, ట్రయల్ రూమ్‌లో జిప్పు పడక కళ్లనీళ్లు పెట్టుకునే ఇంటర్ అమ్మాయి తన ఒంటిని తప్పుపట్టుకోవాల్సిన పనే లేదు. తప్పు ఆ కొలత పట్టీది.

పులి బొమ్మ, బంద్‌గలా, మన సంతోషం

తివాచీ మనకు దగ్గరైన రోజు 2023 మార్చి 13. ఆ ఉదయం తెలుగు ఊళ్లలో టీవీలు మామూలు కంటే ముందే మోగాయి. ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్న రోజది. ఆ ఏడాది తివాచీ రంగు కూడా మారింది. 1961 తర్వాత మొదటిసారి ఎరుపు పోయి లేత గోధుమ వన్నె వచ్చింది.

జూనియర్ ఎన్టీఆర్ గౌరవ్ గుప్తా రూపొందించిన నల్ల వెల్వెట్ బంద్‌గలాలో వచ్చాడు. భుజం మీద బంగారు దారంతో పులి. అది మా జాతీయ జంతువు అని ఆయనే అక్కడి విలేకరులకు చెప్పాడు. రామ్‌చరణ్ డిజైనర్లు శాంతను, నిఖిల్ జోడీ చేసిన నల్లటి దుస్తుల్లో మెరిశాడు. మా క్లాసులో అబ్బాయిలు దుస్తుల గురించి నోరు విప్పి మాట్లాడుకోవడం నేను విన్నది ఆ వారంలోనే. ఆ పులిని చేత్తో కుట్టారా, మిషన్ మీద కుట్టారా అని క్యాంటీన్‌లో వాదన నడిచింది. ఫ్యాషన్ ఆడపిల్లల గొడవ అనే మాట ఆ వారం మా క్యాంపస్‌లో ఎవరూ అనలేదు.

అంతకు నలభై ఏళ్ల ముందే ఆస్కార్ గడప దాటిన భారతీయురాలు ఒకామె ఉంది. కొల్హాపూర్‌లో పుట్టిన భాను అథయ్య. ‘గాంధీ’ సినిమా దుస్తులకు 1983లో జాన్ మొల్లోతో కలిసి ఆస్కార్ అందుకుంది. మన దేశానికి వచ్చిన తొలి ఆస్కార్ అదే. వచ్చింది నటనకు కాదు, దర్శకత్వానికీ కాదు. బట్టకు. ఈ సంగతి ప్రతి కాలేజీలో చెప్పాలి.

> కాన్స్ చెప్పుల తగవు
> 2015లో ఎత్తు మడమల చెప్పులు వేసుకోలేదని కొందరు మహిళలను కాన్స్ చిత్రోత్సవంలో గుమ్మం దగ్గరే ఆపేశారన్న వార్త దుమారం రేపింది. మరుసటి ఏడాది జూలియా రాబర్ట్స్ అదే తివాచీ మీద ఒట్టి కాళ్లతో నడిచింది. 2018లో క్రిస్టెన్ స్టువర్ట్ అందరి ముందే చెప్పులు విప్పి చేత పట్టుకుని మెట్లెక్కింది.

ఫోన్ తెరలో పడ్డ పిల్లలం

ఇక ఇబ్బంది సంగతి. వేడుక సోమవారం రాత్రి జరిగితే, బుధవారానికల్లా అదే పోలికలో కుట్టిన చవక డ్రెస్సులు ఫోన్‌లో కనిపిస్తాయి. ‘ఇప్పుడే కొనండి, తర్వాత కట్టండి’ అని మీట ఒకటి పక్కనే ఉంటుంది. పాకెట్ మనీ అయిపోయినా ఆర్డర్ ఆగదు. ఫ్రెషర్స్ డేకి వేసుకున్నది ఇన్‌స్టాలో పడిపోయింది కాబట్టి ఫేర్‌వెల్‌కి వేసుకోకూడదని ఒక రూలు మాలో మేమే పెట్టుకున్నాం. నాలుగు ఉతుకులకు రంగు వెలిసి, కుట్టు వదిలి, ఆ డ్రెస్ మంచం కింది సంచిలోకి చేరుతుంది.

ఆ సంచి ఎక్కడికి పోతుందో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెబుతోంది. ప్రపంచంలో ఏటా పోగయ్యే బట్టల చెత్త 9.2 కోట్ల టన్నులు. సెకనుకు ఒక చెత్త లారీ నిండా బట్టలు పూడ్చిపెట్టడమో కాల్చడమో జరుగుతోంది.

ఈ పరుగుకు మూలం ఒక తప్పుడు పోలిక అని నా నమ్మకం. అక్కడి గౌను ఒక్క రాత్రి కోసం, కెమెరా కోసం పుట్టింది. దానితో బస్సెక్కరు, మెట్లు దిగి క్లాసుకు పరుగెత్తరు, ఎండలో నిలబడరు, ఉతికి ఆరేయరు. వేసుకున్న మనిషికే అది సొంతం కాదు. మన బట్ట మనతో ఏళ్లు బతకాలి. దాన్ని ఆ గౌను పక్కన నిలబెట్టి చిన్నబుచ్చుకోవడం మనకు మనం చేసుకునే అన్యాయం.

పేరు లేని 163 మంది

మరి తివాచీలో చూడదగ్గది ఏమిటి? పనితనం. 2024 మెట్ గాలాకు ఆలియా భట్ డిజైనర్ సబ్యసాచి చేసిన చీర కట్టింది. దాని వెనుక 163 మంది శ్రమ, 1,965 పనిగంటలు ఉన్నాయని అప్పుడే ప్రకటించారు. ఆ చీర గురించి మనకు గుర్తున్న పేర్లు రెండే. మిగతావాళ్ల వేళ్లు ఎలా కదిలాయో తెలుసుకోవాలంటే న్యూయార్క్ వెళ్లక్కర్లేదు. మన వీధి చివర మగ్గం వర్క్ షాపుకు వెళితే చాలు.

నాలుగు కర్రల చట్రానికి పట్టు జాకెట్టు ముక్కను డప్పులా బిగించి కడతారు. కారిగర్ దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. కుడిచేతిలో కొక్కెం మొన ఉన్న ఆరీ సూది. ఎడమచెయ్యి బట్ట కింద దారం పట్టుకుని ఉంటుంది. పైనుంచి సూది గుచ్చగానే కింది చెయ్యి దారాన్ని కొక్కేనికి అందిస్తుంది. సూది దాన్ని పైకి లాగి, గొలుసులో ఒక లంకె వేస్తుంది. కింది చెయ్యి కంటికి కనిపించదు, అయినా గురి తప్పదు. వీపు మీది ఒక్క నెమలి పూర్తయ్యేసరికి పొద్దు వాలుతుంది. పెళ్లికూతురు ఫోన్‌లో దీపికా పదుకొణె ఫొటో చూపించి, “ఇట్లాగే కావాలి అన్నా” అంటుంది. అతను ఫొటోను రెండు నిమిషాలు చూసి, ట్రేసింగ్ కాగితం తీస్తాడు. సూదితో బెజ్జాలు పొడిచిన ఆ కాగితం మీద రంగుపొడి అద్దగానే బొమ్మ బట్ట మీదికి దిగుతుంది.

ఇంకొంచెం దూరం వెళితే భూదాన్ పోచంపల్లి. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు హైదరాబాద్ వచ్చిన సుందరీమణులు అక్కడి మగ్గాల దగ్గరికి వెళ్లారు. టై అండ్ డై చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒక కొస మేకు నుంచి అర్ధచంద్రంలా నిలిపిన మేకుల వరసకు దారాన్ని తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు ఇటూ అటూ తిరగాలి. ఆ పని చేసే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలో ఆగిపోయిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. ఫ్యాషన్ చదువుకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. కొడుకు చూసింది చీర అందాన్ని కాదు, దానికి ఆసు పోసే తల్లి భుజాన్ని.

కట్టిన చీరే మళ్లీ కడితే

ఇప్పుడు తివాచీ మీదే ఒక మంచి మార్పు కనిపిస్తోంది. 1962లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి ఆస్కార్ అందుకున్న రీటా మొరెనో, అప్పటి గౌనునే 2018లో వేసుకుని మళ్లీ ఆస్కార్‌కు వచ్చింది. 2020 అవార్డుల కాలమంతా నటుడు వాకీన్ ఫీనిక్స్ ఒకే సూట్‌తో గడిపాడు. 2023 అక్టోబర్‌లో జాతీయ చలనచిత్ర పురస్కారం అందుకోవడానికి ఆలియా భట్ తన పెళ్లిచీరే కట్టుకుని ఢిల్లీ వెళ్లింది. మన అల్లు అర్జున్ ‘పుష్ప’కు ఉత్తమ నటుడిగా నిలిచిన వేడుక అదే. 2024లో సమంత తన తెల్లని పెళ్లిగౌనును నల్లటి డ్రెస్‌గా మార్పించి ఒక అవార్డుల సభకు వేసుకొచ్చింది.

ఇవి పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి. మన ఇళ్లలో ఇది రోజువారీ పనే. అమ్మ పట్టుచీర అక్కకు పరికిణీ అవుతుంది, మిగిలింది చెల్లికి జాకెట్టవుతుంది. కాలేజీ ట్రెడిషనల్ డే నాడు మా హాస్టల్‌లో సగం చీరలు అమ్మల బీరువాల్లోంచి వచ్చినవే. నాఫ్తలీన్ ఉండల వాసన ఇంకా పోని గద్వాల్ చీర, పక్క గది అమ్మాయి ఇచ్చిన వన్ గ్రామ్ గోల్డ్ హారం, వదులైన జాకెట్టుకు లోపల నాలుగు పిన్నీసులు. ఆ రోజు కారిడార్‌లో నడిచిన అమ్మాయిల్లో ఎవరూ తక్కువగా కనిపించరు. ఆ చీర ఏ పెళ్లికి కొన్నారో, ఎవరు కట్టారో చెప్పడానికి ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కథ ఉంటుంది.

కుట్టుమిషన్ ముందు కూర్చున్న అమ్మాయి

2024 మేలో కాన్స్ తివాచీ మీద గులాబీ రంగు కుచ్చుల గౌనుతో ఒక అమ్మాయి నిలబడింది. పేరు నాన్సీ త్యాగి. ఉత్తరప్రదేశ్‌లోని బర్నావా గ్రామం. సివిల్స్‌కు చదవాలని ఢిల్లీ వచ్చి, లాక్‌డౌన్ రోజుల్లో కుట్టు వీడియోలు మొదలుపెట్టింది. ఆ గౌనుకు వెయ్యి మీటర్ల బట్ట పట్టిందని, 30 రోజులు కుట్టానని, బరువు 20 కిలోలు దాటిందని తనే చెప్పింది. హిందీలో మాట్లాడింది. అరువు గౌన్ల మధ్య ఆమెది సొంత గౌను.

అందరూ నాన్సీ కానక్కర్లేదు. కానీ ఆసక్తికి దారులు ఉన్నాయని ఇంట్లోవాళ్లకు తెలియాలి. మాదాపూర్‌లో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ఉంది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. దుస్తుల రూపకల్పన ఒక్కటే కాదు, నేత, రంగుల రసాయనం, సినిమా కాస్ట్యూమ్స్, స్టైలింగ్, చేనేత మార్కెటింగ్ అన్నీ బతుకుదారులే. వీటిలో ఏదీ చెయ్యకపోయినా, గుండీ కుట్టుకోవడం, చీరకు ఫాల్ వేసుకోవడం, అంచు మడిచి చేతికుట్టు వెయ్యడం ప్రతి అబ్బాయికీ అమ్మాయికీ వచ్చి తీరాల్సిన పనులు.

> కొనే ముందు చూసుకోండి
> • డ్రెస్ లోపలికి తిప్పి కుట్టు చూడండి. లోపల ఆల్టరేషన్‌కు బట్ట వదిలారా?
> • ఇక్కత్ అని చెప్పి అచ్చు వేసిన బట్ట అమ్ముతుంటారు. అసలైన ఇక్కత్‌లో దారానికే రంగు కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి.
> • ఇది వచ్చే ఏడాది కూడా వేసుకుంటానా అని మిమ్మల్ని మీరు అడగండి.

అమ్మలకు, నాన్నలకు, మా వార్డెన్ ఆంటీకి ఒక మనవి. పిల్ల ఫోన్‌లో గౌను చూస్తుంటే ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని, “ఇందులో నీకేం నచ్చింది?” అని అడగండి. రంగు అంటే రంగుల గురించి, కుట్టు అంటే కుట్టు గురించి మాట్లాడండి. మీ పెళ్లిచీర తీసి చూపించండి, అది ఎవరు నేశారో చెప్పండి. మా ఈడు వాళ్లకు చెప్పేదొకటే. ఎవరు వేసుకున్నారన్న ప్రశ్న దగ్గర ఆగిపోవద్దు. ఎవరు నేశారు, ఎవరు కుట్టారు, వాళ్లకెంత ముట్టింది అని కూడా అడుగుదాం. అలా అడగడం నేర్చుకున్న విద్యార్థి రేపు బట్టల షాపులో మోసపోడు, నేతగాడి దగ్గర బేరమాడి పది రూపాయలు తగ్గించుకోవడాన్ని గెలుపనుకోడు, అద్దం ముందు తనను తాను తక్కువ చేసుకోడు.